పాయింట్ అండ్ క్లిక్ ఆటల్లో పజిల్: కష్టానికీ అన్యాయానికీ మధ్య గీత ఎక్కడ?

ప్రశ్న: మండువా

అందరికీ నమస్కారం. నేనూ మా చెల్లెలూ కలిసి, ఉద్యోగాలు ముగిశాక మిగిలే వేళల్లో తెలుగులో ఒక చిన్న పాయింట్ అండ్ క్లిక్ ఆట, అంటే తెర మీది వస్తువులను నొక్కుతూ, దొరికినవాటిని సంచిలో వేసుకుంటూ, పజిళ్ళు విప్పుతూ కథ నడిపే కంప్యూటర్ ఆట, తయారు చేస్తున్నాం. పట్నంలో పెరిగిన ఒక అమ్మాయి, తాతగారు పోయిన తరువాత మూతపడిన మండువా ఇంటికి వచ్చి, ఆయన దాచిన దస్తావేజుల పెట్టెను వెతకడం కథ. బొమ్మలూ సంభాషణలూ దాదాపు పూర్తయ్యాయి. పజిళ్ళ దగ్గర మాత్రం మా ఇద్దరికీ రోజూ వాదన జరుగుతోంది కనుక, ఈ తరహా ఆటలు బాగా ఆడినవారి అభిప్రాయం కోరుతున్నాను.

మమ్మల్ని ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది బావి పజిల్. తాళంచెవి దాచిన ఇత్తడి చెంబు పెరటి బావిలో పడి ఉంటుంది. పశువుల కొట్టంలో దూలానికి ఇనుప కొక్కేల గుత్తి ఒకటి వేలాడుతూ ఉంటుంది. బావిలో పడిన చేదనో బిందెనో పైకి లాగడానికి పూర్వం ఇటువంటిది ఇంట్లో కాకపోతే పక్కింట్లోనైనా ఉండేది. దాన్ని చేంతాడుకు కట్టి గిలక మీదుగా లోపలికి దించితే చెంబు పైకి వస్తుంది. ఆటను బయట పెట్టేముందు బంధువుల చేతా స్నేహితుల చేతా ఆడించి చూశాం. మా పిన్నిగారూ, ఆవిడ వయసువారూ కొక్కేలు కంటపడగానే పని ముగించి, ఇందులో ఆలోచించడానికి ఏముందని అడిగారు. ఇరవై ఏళ్ళ పిల్లలకు మాత్రం ఆ వస్తువు ఏమిటో తెలియలేదు. దానికి లాంతరు తగిలించి చూశారు, పూలదండ తగిలించి చూశారు, చివరికి సంచిలో ఉన్న ప్రతి వస్తువునూ తెర మీద కనిపించే ప్రతిదాని మీదా ప్రయోగించి, ముప్పావుగంట తరువాత అనుకోకుండా బయటపడ్డారు. బయటపడినప్పుడు వారి ముఖంలో సంతోషం కనిపించలేదు. నాకు నిజంగా బాధ కలిగింది.

రెండోది పెట్టెకు ఉన్న అక్షరాల తాళం. అయిదు చక్రాలు ఉంటాయి. తాతగారి డైరీలో, ఎటు నుంచి చదివినా మారని మాట అని సూచన ఉంటుంది. దాదాపు అందరూ నిమిషంలో వికటకవి అని తిప్పేశారు. చాలా తేలికైపోయిందేమోనని ఇక్కడ వేరే దిగులు.

బావి పజిల్ తీసేద్దామని చెల్లెలు అంటోంది. ఆ ఇంటి జీవితమంతా ఆ బావి చుట్టూ తిరిగిందే, దాన్ని తీసేస్తే కథకు ఏం మిగులుతుందని నేను అంటున్నాను. ఒక పజిల్ కష్టమైనదో, అన్యాయమైనదో తయారు చేసేవాళ్ళు ముందుగా ఎలా తెలుసుకోగలరు?

జవాబు: పాతసీడీ

మండువా గారికి నమస్కారం. తొంభైలలో ఈ ఆటలను అరువు తెచ్చుకున్న సీడీల మీద, వాక్‌త్రూ, అంటే జవాబులన్నీ వరుసగా చెప్పే వివరణ, చూసే వీలు లేకుండా ఆడినవాడిని. అందువల్ల కష్టమన్న ఒక్క మాట కింద ఎన్ని వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయో నాకు అనుభవపూర్వకంగా తెలుసు.

ముందు అన్నిటికంటే చెడ్డదాన్ని చెబుతాను, మీ ఆటలో అది లేదని రూఢి చేసుకోవడానికి పనికి వస్తుంది. సియెరా సంస్థ 1990లో విడుదల చేసిన కింగ్స్ క్వెస్ట్ 5లో, ఒకచోట పిల్లి ఎలుకను తరుముతూ తెర మీదుగా పరుగెత్తుతుంది. ఆ కొద్ది క్షణాల్లోనే మీరు పాత బూటును పిల్లి మీదికి విసిరి ఎలుకను కాపాడాలి. కాపాడకపోతే అప్పటికి ఏమీ జరగదు, ఆట మామూలుగా సాగిపోతుంది. చాలాసేపటి తరువాత ఒక సత్రం నేలమాళిగలో మిమ్మల్ని కట్టి పడేసినప్పుడు, తాళ్ళు కొరకడానికి ఆ ఎలుక రావాలి, రాదు. అక్కడితో మీ ప్రయాణం ముగిసినట్టే, కానీ ఎక్కడ తప్పు చేశారో ఆట చెప్పదు. అదే ఆటలో బేకరీలో కొన్న కస్టర్డ్ పై (pie) అనే తినుబండారం ఉంటుంది. కొండల్లో ఆకలి వేసినప్పుడు దాన్ని తినేస్తే, ఆ తరువాత ఎదురయ్యే మంచుమనిషి ముఖాన విసరడానికి చేతిలో ఏమీ ఉండదు. ఇవి పజిళ్ళు కావు. ఆడేవారి కాలాన్ని వారికి తెలియకుండా హరించే గోతులు. చిక్కుకుపోవడం వేరు, ఇక ఎన్నటికీ బయటపడలేని స్థితిలో ఉండి కూడా ఆ సంగతి తెలియకపోవడం వేరు.

దీని మీద అందరికంటే స్పష్టంగా మాట్లాడినవాడు రాన్ గిల్బర్ట్. 1987లో మానియాక్ మాన్షన్ అనే ఆట చేసిన ఆయన, 1989లో అడ్వెంచర్ ఆటలు (ఈ తరహా ఆటలకు ఉన్న పేరు) ఎందుకు బాగుండవో వివరిస్తూ ఒక వ్యాసం రాసి, మరుసటి ఏడాదే ద సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్‌లో ఆ సూత్రాలను ఆచరించి చూపించారు. ఆ వ్యాసంలో మీకు నేరుగా పనికి వచ్చే మాట ఒకటి ఉంది. తాళం కంటపడక ముందే తాళంచెవి చేతికి దొరికే పజిల్‌ను ఆయన తలకిందుల పజిల్ అన్నారు. ఆడేవారికి ముందు అవసరం ఎదురుకావాలి, ఆ తరువాతే సాధనం దొరకాలి. మీ ఆటలో అమ్మాయి ముందు కొట్టంలోకి వెళుతుందా, బావి దగ్గరికి వెళుతుందా? కొట్టమే ముందు అయితే, ఆ కొక్కేలు పిల్లలకు ఏ ప్రశ్నకూ జవాబు కాని వస్తువుగా సంచిలోకి చేరి ఉంటాయి. బావిలో మెరుస్తున్న చెంబును ముందు చూసి, చేయి అందక వెనుదిరిగినవాడికి మాత్రం ఇంట్లో కనిపించే ప్రతి వస్తువూ బావి వైపే చూస్తున్నట్టు ఉంటుంది.

ఇక అన్యాయం గురించి. 1999లో వచ్చిన గేబ్రియల్ నైట్ 3లో ఒక పజిల్ ఈ రంగంలో అపకీర్తికి మారుపేరుగా నిలిచింది. మోటారుసైకిలు అద్దెకు తీసుకోవడానికి కథానాయకుడు తన స్నేహితుడిలా వేషం వేసుకోవాలి. అందుకు మీసం కావాలి. మీసం కోసం, కొట్టు తలుపుకు ఉన్న కంతకు జిగురు టేపు అంటించి, పిల్లి మీద నీళ్ళు చిలకరించి, అది ఆ కంతలోంచి పారిపోయేటప్పుడు టేపుకు అంటుకున్న బొచ్చును సేకరించి, తియ్యటి పాకంతో పై పెదవికి అంటించుకోవాలి. విచిత్రమేమిటంటే ఆ స్నేహితుడికి మీసమే లేదు. కనుక అతని పాస్‌పోర్టు ఫొటో మీద కూడా పెన్నుతో మీసం గీయాలి. 2000లో ఓల్డ్ మ్యాన్ మర్రీ అనే వెబ్‌సైట్‌లో ఎరిక్ వోల్పా ఈ ఒక్క పజిల్‌ను దశలవారీగా విప్పి చూపి, అడ్వెంచర్ ఆటలను ఎవరూ చంపలేదు, అవే ప్రాణం తీసుకున్నాయని వాదించారు. ఒక్క పజిల్ మీద అంత బరువు మోపడం న్యాయం కాదని నా అభిప్రాయం. అయినా పాఠం మాత్రం సరైనదే. ఇక్కడ ప్రతి మెట్టూ విడిగా చూస్తే జరగగలదే. కానీ ఏ మెట్టు మీద నిలబడినా తరువాతి మెట్టు కనిపించదు.

నేను వాడే పరీక్ష ఒకటే. జవాబు తెలిసిన తరువాత ఆడినవారి నోటి నుంచి మొదట వచ్చే మాటను వినండి. అయ్యో, ఇది నాకు తట్టి ఉండాల్సింది అంటే పజిల్ ఎంత కష్టమైనా న్యాయమైనదే. ఇది ఎవరికైనా ఎలా తడుతుంది అంటే, రెండు నిమిషాల్లో తేలిపోయినా అన్యాయమైనదే. మీ పిల్లలు ఏమన్నారో రాయలేదు.

జవాబు: నూతిగట్టు

పాతసీడీ గారి పరీక్షతో ఏకీభవిస్తూనే, మండువా గారి ప్రశ్నలో నాకు అసలు విషయంగా కనిపించినదాన్ని వేరుగా చెప్పాలనుకుంటున్నాను. పెద్దవారు వెంటనే చేశారు, పిల్లలు చేయలేకపోయారు. ఇందులో తెలివి ప్రసక్తి లేదు. ఒకరికి ఆ వస్తువు తెలుసు, మరొకరికి తెలియదు. అంటే ఈ పజిల్ ఆలోచనను పరీక్షించడం లేదు, పుట్టి పెరిగిన ఇంటిని పరీక్షిస్తోంది.

దీనికి సరిసమానమైన ఉదాహరణ 1991 నాటి మంకీ ఐలాండ్ 2లో ఉంది, అందులో ఓడిపోయింది మనమే. ఒక జలపాతం వెనుక దారి ఉంటుంది. నీటిని ఆపాలంటే పైన ఉన్న పంపును తిప్పి కట్టేయాలి. దానికి కావలసిన పనిముట్టు ఎక్కడా దొరకదు. వేరే దీవిలోని మద్యశాలలో పియానో వాయించే కోతి ఒకటి ఉంటుంది. సంగీతంలో లయ కొలవడానికి ఊగే మెట్రోనోమ్ మీద అరటిపండు పెడితే, అటూ ఇటూ ఊగే పండును చూస్తూ అది స్తంభించిపోతుంది. అప్పుడు ఆ కోతిని సంచిలో వేసుకొని వచ్చి దానితోనే పంపును తిప్పాలి. ఎందుకు? అమెరికాలో ఆ తరహా పానాను మంకీ రెంచ్ అంటారు కనుక. మన మెకానిక్కు దాన్ని పానా అంటాడు, లేదా పైప్ రెంచ్ అంటాడు. ఏ మాటలోనూ కోతి లేదు. ఇంగ్లండులోనే చాలామందికి ఆ మాట తెలియదంటే, ఇక వేరే భాషల వారి సంగతి చెప్పనక్కరలేదు. ఆ పజిల్ అలా చేసినందుకు గిల్బర్ట్ తరువాతి కాలంలో చింతించారు. నేను ఇంటర్ చదివే రోజుల్లో దాని దగ్గర ఎన్ని రోజులు ఆగిపోయానో లెక్క లేదు, నాకు ఇంగ్లీషు రాదు కనుకనే ఇలా జరిగిందని నా మీద నేనే నింద వేసుకున్నాను. మీ ఇంట్లోని ఇరవై ఏళ్ళ పిల్లలు తమకు తెలుగు రాదని అలా అనుకోకూడదు. ఈ సుదీర్ఘమైన జవాబు రాయడానికి కారణం అదే.

అంతమాత్రాన భాష మీద, ఆచారాల మీద ఆధారపడిన పజిళ్ళన్నీ మానుకోవాలని నేను అనడం లేదు. మొదటి మంకీ ఐలాండ్‌లోని కత్తియుద్ధం చూడండి. అక్కడ గెలుపు కత్తి నైపుణ్యంలో ఉండదు, ఎదుటివాడి ఎత్తిపొడుపుకు సరైన బదులు ఇవ్వడంలో ఉంటుంది. అది పూర్తిగా భాషకు చెందిన పజిల్. అయినా న్యాయమైనది, ఎందుకంటే కావలసిన మాటలన్నీ ఆటే నేర్పుతుంది. దారిలో దొంగలతో ఓడిపోతూ వారి మాటలు మీరు నేర్చుకుంటారు. అవే మాటలు ఇంకొకరి మీద ప్రయోగించి బదులు ఏమిటో తెలుసుకుంటారు. చివరికి కత్తిసాములో అందరినీ మించిన ఆవిడ ఎదురై, మీరు ఎన్నడూ వినని ఎత్తిపొడుపులు విసురుతుంది. నేర్చుకున్న పాత బదుళ్ళే వాటికి కొత్త అర్థంతో అతికిపోతాయి. అక్కడ చేయవలసింది గుర్తుంచుకోవడం కాదు, ఆలోచించడం. గతానికీ భవిష్యత్తుకూ మధ్య సాగే 1993 నాటి ఆట డే ఆఫ్ ద టెంటకిల్‌లో ఈ రెండు రకాలూ పక్కపక్కనే ఉన్నాయి. ద్రాక్ష మద్యం సీసాను గతంలో భూమిలో పాతిపెడితే నాలుగు వందల ఏళ్ళ తరువాత అది వెనిగర్‌గా బయటికి వస్తుంది. పులియడం అంటే ఏమిటో తెలిసిన ఏ దేశపు మనిషైనా దీన్ని ఊహించగలడు. అదే ఆటలో, ఒక చెట్టు కాయలకు ఎర్ర రంగు పూస్తే జార్జ్ వాషింగ్టన్ వచ్చి దాన్ని నరికేస్తాడు. చిన్నతనంలో ఆయన చెర్రీ చెట్టు నరికాడన్న కథ వినని వాడికి ఇది దైవనిర్ణయంలా ఉంటుంది.

మన పొడుపు కథల్లో ఈ న్యాయం ఉంది. కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు అన్నప్పుడు, కనురెప్ప లేని మనిషి లేడు. విప్పడానికి కావలసిన సామగ్రి వినేవారి దగ్గర ముందే ఉంటుంది, దాని మీద చూపు పడకుండా మాట అడ్డు నిలుస్తుంది. చూపు పడగానే ముడి విడిపోతుంది. మీ బావి పజిల్‌లో మాట అడ్డు లేదు, సామగ్రే లేదు.

సామగ్రిని అందించడానికి మీ కథలోనే చక్కటి అవకాశం ఉంది. అమ్మాయి పట్నంలో పెరిగింది. ఆ కొక్కేలు ఏమిటో ఆమెకూ తెలియదు. ఆడేవారి అజ్ఞానం, ఆమె అజ్ఞానం ఒకటే అయినప్పుడు దాన్ని దాచడం ఎందుకు? కొక్కేల మీద నొక్కినప్పుడు, చేపలు పట్టే గాలంలా ఉంది కానీ ఒకే గుత్తికి ఇన్ని కొక్కేలు ఎందుకో అని ఆమె అనుకోవచ్చు. పక్కింటి మామ్మగారితో వేరే సందర్భంలో మాట్లాడుతుండగా, మా బిందె నూతిలో పడ్డప్పుడల్లా మీ తాతయ్యే తీసి ఇచ్చేవాడమ్మా అని ఆవిడ ఒక మాట అనవచ్చు. ఎలా తీసేవాడో ఆవిడ చెప్పనక్కరలేదు. గాలం ఒకచోట, బిందె ఒకచోట ఉన్నాయి. రెండింటినీ కలిపే పని ఆడేవారికి మిగిలింది. మీకు కావలసిన కష్టం అదే.

అక్షరాల తాళం గురించి ఒక చిన్న మాట. 1984లో వచ్చిన మొదటి కింగ్స్ క్వెస్ట్‌లో ఐరోపా జానపద కథలో ప్రసిద్ధుడైన ఒక మరుగుజ్జు పేరు ఊహించాలి. వెనుక నుంచి ఆలోచించడం ఒక్కోసారి మంచిదన్న సూచన ఉంటుంది. అందరూ పేరును వెనుక నుంచి రాశారు. కానీ ఆట కోరినది వేరు. అక్షరమాలనే తలకిందులు చేసి, మొదటి అక్షరానికి బదులు చివరి అక్షరం పెడుతూ రాయాలి. ఆ సూచన రెండు దారులకూ సరిపోతుంది, సహజమైన దారిని ఆట తిరస్కరించింది. 1990లో మళ్ళీ చేసినప్పుడు వెనుక నుంచి రాసిన పేరునే అంగీకరించారు. ఎటు నుంచి చదివినా మారని అయిదక్షరాల మాట తెలుగులో వికటకవి ఒక్కటేనా? ఇంకెవరైనా నిజంగా సరిపోయే మరో మాట పెడితే మీ తాళం ఏం చేస్తుందో ఆలోచించండి.

మండువా

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీ ఊహ నిజమే, అమ్మాయి ముందు కొట్టంలోకే వెళుతుంది. వీధివైపు గేటు దగ్గర కొట్టాన్ని బొమ్మ బాగుంటుందని పెట్టాం తప్ప వేరే కారణం లేదు. ఇక పిల్లలు అన్న మాట అడిగారు కదా, ఇలాంటిది ఒకటి ఉంటుందని మాకెవరు చెప్పారు అన్నారు. అంటే పాతసీడీ గారి పరీక్షలో మేము తప్పాం.

ఇంకొక సందేహం. సూచనలు ఇచ్చే ఏర్పాటు పెట్టాలా? తేలిక రూపం, కష్ట రూపం అని రెండు పెట్టాలా? ఎంత సులభం చేసినా ఎవరో ఒకరు ఆగిపోతూనే ఉంటారు.

జవాబు: రాత్రిబడి

మండువా గారూ, పై ఇద్దరూ చెప్పినవి సరైనవే. కానీ ఆ దిశలో మరీ దూరం వెళ్ళిపోవద్దని చెప్పడానికి రాస్తున్నాను. ఆడేవారు ఆగిపోతున్నారన్న భయంతో ప్రతి ముడినీ ముందే విప్పి చేతికి ఇస్తే, మిగిలేది బొమ్మల మీద నొక్కుకుంటూ వెళ్ళే కథ మాత్రమే. ఆగిపోవడం ఈ ఆటల్లో లోపం కాదు. ఆగిపోయి, ఆట కట్టేసి, మరునాడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు హఠాత్తుగా జవాబు తట్టడం అనే అనుభవం ఇంకే తరహా ఆటలోనూ ఈ రూపంలో దొరకదు. మిస్ట్ అనే ఆట 1993లో వచ్చినప్పుడు దానితో పాటు ఖాళీ నోటుపుస్తకం కూడా ఇచ్చారు. ఆడేవారు ఆగుతారని, రాసుకుంటారని, ఆలోచిస్తారని తయారు చేసినవారికి తెలుసు. అది ఆడేవారి మీద గౌరవం.

తేడా ఎక్కడ వస్తుందంటే, ఆగిపోయినవారి చేతిలో ఆలోచించడానికి ఏదైనా ఉందా లేదా అన్న దగ్గర. గిల్బర్ట్ పజిళ్ళను ఏర్పరచేటప్పుడు, ఏ పజిల్ తేలితే ఏది తెరుచుకుంటుందో చూపే పటం గీసుకుంటారు. చివరి గమ్యం నుంచి వెనక్కి గీస్తూ వస్తారు. ఆ పటం ఒకే తాడులా కిందికి దిగితే, ఒక్క ముడి దగ్గర ఆగినవాడికి చేయడానికి ఏమీ ఉండదు. అది మూడు నాలుగు పాయలుగా చీలి మళ్ళీ ఒకచోట కలిస్తే, బావి దగ్గర ఆగినవాడు వెళ్ళి ధాన్యపు గాదె లాంటి మరో పజిల్ సంగతి చూసుకుంటాడు, తిరిగి వచ్చేసరికి బావి కొత్తగా కనిపిస్తుంది. మీ పిల్లలు ముప్పావుగంట ఒకేచోట ఉన్నారంటే, ఆ సమయంలో వారికి తెరిచి ఉన్న మరో పని ఏదైనా ఉందా? లేకపోయి ఉంటే, సగం తప్పు కొక్కేలది కాదు.

సూచనల గురించి. ఇది కొత్త ఆలోచన కాదు. ఎనభైలలో ఇన్ఫోకామ్ సంస్థ తన ఆటలకు కంటికి కనిపించని సిరాతో అచ్చు వేసిన సూచనల పుస్తకాలు అమ్మేది. ప్రత్యేకమైన పెన్నుతో రుద్దితే ఒక్కో వాక్యమే కనిపిస్తుంది. మొదటి వాక్యం భుజం తట్టినట్టు ఉంటుంది, చివరిది పూర్తి జవాబు చెబుతుంది. ఎంతవరకు రుద్దాలో మీ ఇష్టం. 2022 నాటి రిటర్న్ టు మంకీ ఐలాండ్‌లో సూచనల పుస్తకం కథానాయకుడి సంచిలోనే ఉంటుంది, అదీ ఇలాగే మెట్టుమెట్టుగా విప్పుతుంది. 2009లో చెక్ కళాకారులు చేసిన మెషినేరియమ్ పద్ధతి నాకు ఇంకా ఇష్టం. ఒక దృశ్యంలో ఒక చిన్న సూచన ఉచితం, అది బొమ్మరూపంలో ఆలోచన బుడగలా వస్తుంది. పూర్తి పరిష్కారం కావాలంటే ఒక చిన్న ఆట ఆడి పుస్తకం తాళం తీయాలి. నిషేధం లేదు, కానీ తొందరపడి చేయి చాపకుండా ఒక గడప ఉంది. ఆటలో ఇలాంటి ఏర్పాటు లేకపోతే ఏం జరుగుతుందో మీకు తెలుసు. పక్క కిటికీలో వీడియో తెరుస్తారు, అది మీరు రాసిన ముగింపును కూడా చూపించేస్తుంది. మీ సూచన ఆటలోనే, కథలోని గొంతుతోనే ఉండటం మేలు. మామ్మగారు ఉన్నారు కదా, రెండోసారి అడిగితే ఇంకొంచెం, మూడోసారి అడిగితే ఇంకొంచెం చెప్పవచ్చు.

రెండు రూపాలు మాత్రం వద్దంటాను. మంకీ ఐలాండ్ 2లోనూ, 2017 నాటి థింబుల్‌వీడ్ పార్క్‌లోనూ తేలిక రూపం ఉంది. తేలిక రూపంలో పజిళ్ళు తక్కువ. కానీ కొన్ని పజిళ్ళు తీసేసినప్పుడు మిగిలిన కథలోని ప్రతి సంభాషణా అతుకు తెలియకుండా సాగాలి, ప్రతి మార్పునూ రెండుసార్లు ఆడించి చూడాలి. ఇద్దరు మనుషులు సాయంత్రం వేళల్లో చేస్తున్న ఆటకు అది మోయలేని బరువు. ఆ శ్రమను ఒకే రూపాన్ని దిద్దడానికి వెచ్చించండి.

జవాబు: చిత్తుప్రతి

ఒక చిన్న బృందంలో ఆటలను పరీక్షించే పని కొంతకాలం చేశాను కనుక, ఎవరూ ప్రస్తావించని ఒక విషయం జోడిస్తాను. మండువా గారు చెప్పిన వర్ణనలో నన్ను కలవరపెట్టింది ముప్పావుగంట కాదు, ప్రతి వస్తువునూ ప్రతిదాని మీదా ప్రయోగించారన్న వాక్యం. సంచిలో 10 వస్తువులు, తెర మీద నొక్కదగినవి 12 ఉంటే, అది 120 ప్రయత్నాలు. సంచిలోని వస్తువులను రెండేసి కలిపి చూస్తే మరో 45. ఒక్కోదానికీ, ఇది పనికిరాదు అన్న ఒకే వాక్యం తిరిగి వస్తుంటే, మీ ఆట ఆ 165 సార్లూ వారితో మాట్లాడటం మానేసినట్టే. ఆలోచన ఆగిపోయి చేయి మాత్రమే తిరుగుతున్న స్థితి అది.

అందువల్ల తప్పు ప్రయత్నాల చిట్టా రాసుకోండి. కొక్కేలకు లాంతరు తగిలించారు అన్నారు. అది మూర్ఖపు ప్రయత్నం కాదు, కొక్కెం అంటే తగిలించేదే కదా. అక్కడ అమ్మాయి, ఇవి ఏదో బరువును పైకి లాగడానికి చేసినట్టు లోపలికి వంగి ఉన్నాయి అని జవాబు చెబితే, తప్పు ప్రయత్నమే ఆధారంగా మారుతుంది. మంచి ఆటల్లో సగం సూచనలు ఇలా తప్పుల జవాబుల్లోనే దాగి ఉంటాయి. రెండోది, నొక్కదగిన వాటిని తగ్గించండి. మెషినేరియమ్‌లో ఆ చిన్న రోబో తన చేయి అందేంత దూరంలో ఉన్నవాటినే తాకగలదు. ఆ ఒక్క నియమంతో ప్రయత్నాల సంఖ్య ఎంతో తగ్గిపోతుంది, పైగా నిలబడే చోటు కూడా ఆలోచనలో భాగమవుతుంది.

అలాగే, ఆటలో మీరే ఏర్పరచిన నియమాన్ని ఒక్క పజిల్ కోసం మీరకండి. 1996 నాటి బ్రోకెన్ స్వోర్డ్‌లో ఐర్లండ్ కోట శిథిలాల దగ్గర ఒక మేక దారికి అడ్డం ఉంటుంది. అది పొడిచి పడగొట్టిన తరువాత, తేరుకునేలోగా గబగబా పక్కనున్న వ్యవసాయపు పనిముట్టు మీద నొక్కాలి. అప్పటివరకు ఆ ఆటలో ఎక్కడా వేగం అవసరం కాలేదు. నొక్కిన చోటు సరైనదే అయినా, సమయం తప్పినందువల్ల ఎందరో సరైన ఆలోచనను వదిలేసి వేరే చోట్ల వెతికారు. మీ బావిలో గిలక తిప్పే వేగం లాంటిది ఏదైనా పెట్టే ఉద్దేశం ఉంటే మానుకోండి.

ఆడించేటప్పుడు మీరు పక్కనే కూర్చోండి, కానీ మాట్లాడకండి. ఇక్కడ ఏం చేద్దామనుకుంటున్నావు అని మాత్రం అప్పుడప్పుడు అడగండి. సరైన ఉద్దేశం ఉండి చేయలేకపోతే బొమ్మలోనో నొక్కే పద్ధతిలోనో లోపం ఉంది. ఉద్దేశమే లేకపోతే కథలో లోపం ఉంది. ఒకసారి ఆడినవారు రెండోసారి పనికిరారు, కనుక మీ బంధువులందరినీ ఒకే వారంలో ఖర్చు చేసుకోవద్దు.

మండువా

రెండు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. కొట్టాన్ని బావి అవతలికి జరిపాం. ఇప్పుడు అమ్మాయి ముందు నూతిలోకి తొంగిచూసి, చెంబు మెరవడం చూసి, తరువాతే కొట్టంలోకి వెళుతుంది. మామ్మగారి మాట చేర్చాం, మూడు మెట్లుగా. గాదె పజిల్ బావితో పాటే తెరుచుకునేలా మార్చాం. లాంతరు, పూలదండ, ఆవు, ఇలా పిల్లలు చేసిన ప్రతి తప్పుకూ ఒక జవాబు రాసింది మా చెల్లెలే. బావిని తీసేద్దామన్న మాట ఇప్పుడు తను ఎత్తడం లేదు.

నిన్న మా పక్క వాటాలో ఉండే డిగ్రీ అమ్మాయి చేత ఆడించాం. బావి దగ్గర ఆగింది. గాదె దగ్గరికి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది, మామ్మగారితో ఒక్కసారి మాట్లాడింది. పన్నెండో నిమిషంలో కొక్కేల గుత్తి వైపు చూస్తూ, ఆగండాగండి, ఇది నూతిలోకి దించేదా అని నా వైపు తిరిగింది. చిత్తుప్రతి గారు చెప్పినట్టు నేను మాట్లాడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

అక్షరాల తాళం మాత్రం ఇంకా తేలలేదు. నూతిగట్టు గారు అడిగిన ప్రశ్నకు సమాధానంగా, డైరీలోని సూచనలో రాయలవారి సభ ప్రస్తావన చేరిస్తే మరో మాటకు తావు ఉండదని నేను, అప్పుడు జవాబు పూర్తిగా చెప్పేసినట్టే అవుతుందని చెల్లెలు వాదించుకుంటున్నాం. వికటకవి కాక, ఎటు నుంచి చదివినా మారని అయిదక్షరాల మాటలు మీకు తెలిసినవి ఉంటే దయచేసి ఇక్కడ రాయండి, వాటిని తిప్పినప్పుడు అమ్మాయి ఏం అనాలో మేము రాసుకుంటాం.